సూద్దాం గడిలో మా బాత్రూము

మదనపల్లెలో మా ఆఫీసు కింద శానిటరీ సామాన్ల షాపు ఉండేది. తెల్లవి, గులాబీ రంగువి, లేత నీలంవి, రకరకాల కమోడ్లు మెట్ల దాకా పేర్చి పెట్టేవారు. వాటి మధ్య దారి చేసుకుని మెట్లెక్కితే పైన మా సాఫ్ట్‌వేర్ కంపెనీ. అందులో తొమ్మిదిమంది మగవాళ్ళు, ముగ్గురం ఆడవాళ్ళం. ఆడవాళ్ళకు బాత్రూము లేదు. ఈ మాట చెబితే ఇప్పుడు అందరూ నవ్వుతారు. నవ్వండి. అప్పట్లో మాకు నవ్వు కాదు, ఇంకొకటి వచ్చేది, దానికే చోటు లేదు.

మగవాళ్ళకైనా సరైనది ఉందా అంటే అదీ లేదు. షాపు వెనక హమాలీల కోసం కట్టిన గది ఒకటి ఉండేది, దాని గొళ్ళెం ఊడిపోయి ఎన్నాళ్ళయిందో. మా ఆఫీసు మగవాళ్ళు అందులోనే సర్దుకునేవారు, కాదంటే ఊరి నిండా గోడలున్నాయి. మేము ముగ్గురం మాత్రం వీధి దాటి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆమె మంచిదే, కాకపోతే ఆమెకూ ఒక వరస ఉండేది. ముందు ఆమె పూజ, తర్వాత పనిమనిషి బాత్రూము కడగడం, అది ఆరడం, ఆ తర్వాతే మేము. పైగా గుమ్మంలో కూర్చుని ఆరా తీసేది. “ఏమ్మా, ఇందాకే గదా వచ్చిపోతివి?” అనేది. ఆ మాట పడలేక మేము నీళ్ళు తాగడం తగ్గించుకున్నాం. పొద్దున్నే బాటిల్ నింపుకుని తెచ్చుకోవడం, సాయంత్రం అదే బరువు మళ్ళీ ఇంటికి మోసుకుపోవడం.

ఇది రెండువేలు దాటిన తొలి సంవత్సరాల మాట. మాది పుంగనూరు. తొంభైల్లో మా ఊళ్ళో కంప్యూటర్ నేర్పే గది ఒకటి తెరిస్తే, చెప్పులు బయట విప్పి, కాళ్ళు తుడుచుకుని, గుడిలోకి పోయినట్టు లోపలికి పోయేదాన్ని. కంప్యూటర్లకు ఏసీ ఉండేది, వరండాలో మా వంతు కోసం కాచుకునే మాకు ఫ్యాను కూడా ఉండేది కాదు. అంత భక్తిగా నేర్చుకున్న విద్యకు మదనపల్లెలో ఉద్యోగం దొరికితే మా నాన్న వీధంతా మైసూరుపాకు పంచాడు. రోజూ బస్సులో వెళ్ళి బస్సులో వచ్చేదాన్ని.

మా బాస్‌ది టమోటా మండీ కుటుంబం. ఆ కాయల వ్యాపారం నచ్చక కంప్యూటర్లలోకి వచ్చాడు. నిజం చెప్పాలంటే చెడ్డవాడు కాదు. ఎవరినీ ఒక్క మాట కటువుగా అనడు, పండగకు అందరికీ స్వీటు డబ్బా ఇస్తాడు. ఒకసారి ఆయన బెంగుళూరు వెళ్ళి రెండు రోజులు ఏదో క్లాసు విని వచ్చాడు. వచ్చిన రోజే అందరినీ పిలిచి, “ఇంక మీదట మనం ఎజైల్,” అని ప్రకటించాడు. అది సాఫ్ట్‌వేర్ పని నడిపే కొత్త పద్ధతట, ఏ పని ముందు, ఏ పని వెనక అనేది ఇకపై శాస్త్ర ప్రకారం తేలుస్తామన్నాడు.

ఆ సాయంత్రం పుంగనూరులో అంగట్లో కూర్చుని బెల్లం పొట్లం కడుతున్న మా నాన్నతో, “మా ఆఫీసు ఎజైల్ అయింది నాన్నా,” అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఏ జైలు?” అన్నాడు. “ఎవురు పోయినారమ్మా జైలుకి? మీ బాసా?”

ఇంకా ఎవరూ పోలేదని చెప్పి ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే మాకు ఆ పద్ధతి నేర్పడానికి బెంగుళూరు నుంచి కోచ్ వచ్చాడు. కోచ్ అంటే మాకు తెలిసింది రైలు పెట్టె, కాదంటే స్కూల్లో వాలీబాల్ ఆడించే సారు. ఈయన రెండూ కాదు. ప్రతి శుక్రవారం బస్సు దిగి, సంచి నిండా రంగురంగుల కార్డులు, పిన్నులు, లావు పెన్నులు తెచ్చేవాడు. పుట్టి పెరిగింది బెంగుళూరులో, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. ఆయన తెలుగు శుభ్రంగా, పాఠం అప్పజెప్పినట్టు ఉండేది. ఈ శుభ్రమైన తెలుగే తర్వాత మా కొంప ముంచింది, ఆపైన తేల్చింది కూడా. ఆ కథకు వస్తాను.

అప్పుడు మేము చేస్తున్న ప్రాజెక్టు కుప్పంలో ఒక ప్రైవేటు పాల డెయిరీది. సదుం, పెద్దపంజాణి వైపు పల్లెల నుంచి కుప్పం దాకా ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న ఎంత వచ్చింది, పాలు చల్లబెట్టే కేంద్రాల్లో మిషన్లు సరిగా పనిచేస్తున్నాయా, ఇదంతా ఒక్క తెర మీద కనిపించాలి. ఆ ప్రోగ్రాం మొత్తం ఎవరి తలలో ఉందంటే మా అక్క తలలో. సొంత అక్క కాదు, నాకన్నా కొంచెం పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఆమెదీ పుంగనూరు బస్సే. పెద్దపంజాణి దగ్గర పల్లె, తరతరాలుగా కూలిపని చేసుకునే ఇల్లు. ఆ ఇంట్లో నెల జీతం అనేది మొదట ఈమె చేతికే వచ్చింది. భర్త కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబ్ అటెండరు. ఈమె ఈ ఉద్యోగం కోసమే పుంగనూరులో గది తీసుకుని అత్తగారితో ఉండేది. ఆయన ఆదివారం ఆదివారం వచ్చిపోయేవాడు.

ఒకరోజు బస్సులో కిటికీ వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

“నాకు మూడో నెల. డాక్టరమ్మ నీళ్ళు శానా తాగమంటాండాది. తాగితే యాడికి పోవాల?”

నేను సంతోషపడాలో భయపడాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“ఇంట్లో మానేయమంటారా అక్కా?”

“అనరు. మా అత్త ఒక్క మాట అనదు. నేను మానేసిన మరుసటి దినం చెనిక్కాయలు పెరికే కూలికి తోడుకోని పోతాది, అంతే. మా అవ్వ ఆడ్నే బతికింది, మా అమ్మ ఆడ్నే బతికింది. నేను మళ్ళా ఆడికి పోను. బిడ్డ కావాల, ఉద్యోగమూ కావాల. మధ్యలో అడ్డం ఉండేది ఒక బాత్రూము. ఇంత చదువు చదివి ఒక బాత్రూము కాడ ఆగిపోతానా?”

ఆ శుక్రవారం కోచ్ మాకు కోరికలు రాయడం నేర్పాడు. ప్రతి కోరికనూ ఒక కార్డు మీద, ఒక మూసలో రాయాలి. ‘నేను ఫలానా మనిషిగా, నాకు ఫలానాది కావాలి, దానివల్ల ఫలానా మేలు’. పాల ప్రాజెక్టువే కాదు, ఆఫీసులో ఏ లోటున్నా ఇలాగే రాసి బోర్డు మీద పెట్టండి, మనది పారదర్శకమైన ఆఫీసు అన్నాడు బాస్. పారదర్శకం అనగానే అక్క కార్డు తీసుకుంది. రాసి, లేచి నిలబడి, తొమ్మిదిమంది మగవాళ్ళ ముందు గట్టిగా చదివింది.

“నేను ఈ ఆఫీసులో పనిచేసే ఆడమనిషిగా, నాకు బాత్రూము కావాలి, దానివల్ల నేను నీళ్ళు తాగగలను.”

నలుగురైదుగురు మగవాళ్ళు తమ చెప్పుల వైపు చూసుకున్నారు. కోచ్ మాత్రం ముఖం వెలిగిపోతూ, “అద్భుతం! మూస అంటే ఇదీ. ఎవరు, ఏమిటి, ఎందుకు, మూడూ ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టండి,” అన్నాడు. కొట్టారు. కార్డుకు చప్పట్లు దక్కాయి కాబట్టి బాత్రూము కూడా వస్తుందని మేము వెర్రివాళ్ళలా నమ్మాం.

తర్వాత వరస పెట్టడం. గోడకు పెద్ద చార్టు అంటించి, కోచ్ నాలుగు గడులు గీయించాడు. బాస్ వాటికి తెలుగులోనే పేర్లు పెట్టాలన్నాడు. ‘తప్పదు’, ‘ఉంటే మేలు’, ‘ఉన్నా సరే’, ‘వద్దు’. ఏ కార్డు ఏ గడిలోదో అందరూ కలిసి తేల్చాలి. గంట గడిచేసరికి కార్డులన్నీ ‘తప్పదు’లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పాల లెక్క తప్పదు, రిపోర్టు తప్పదు, తెర మీద ఆవు బొమ్మ కదలడం కూడా తప్పదు. ఆవు బొమ్మ బాస్ ఆలోచన. అది తప్పించే మొనగాడెవడు?

‘వద్దు’ గడి మాత్రం నున్నగా ఖాళీగా ఉండిపోయింది. కోచ్ తల పట్టుకున్నాడు. ఏదో ఒకటి వద్దనుకుంటేనే ఇంకొకటి ముందుకు వస్తుందని ఎంతో ఓపికగా చెప్పాడు. పాపం, ఆయనకు మా వైపు మర్యాద తెలియదు. మా జిల్లాలో ముఖం మీద వద్దు అనడం, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వకపోవడం లాంటిది. అందులో మా బాస్ మండీలో పెరిగినవాడు, టమోటా తెచ్చిన రైతుతో లేదు అనే మాట ఆయన నోట జన్మలో రాలేదు. అక్క రాసిన కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ చూశాడు. ‘తప్పదు’లో పెడితే కట్టించాలి. ‘వద్దు’లో పెడితే పాపం ఆడబిడ్డ. చివరికి చార్టు పక్కన తానే ఐదో గడి గీసి, పైన ‘సూద్దాం’ అని రాసి, కార్డును అందులో గుచ్చాడు.

“సూద్దాంలేమ్మా,” అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఈ మాట సంగతి కొత్తవాళ్ళకు చెప్పాలి. మా వైపు సెలవు అడిగితే సూద్దాం. చందా అడిగితే సూద్దాం. పిల్ల నచ్చకపోతే పెళ్ళివారు ఉప్మా తిని, కాఫీ తాగి, చేతులు కడుక్కుని సూద్దాం అంటారు. అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు, అది జరగదని. కానీ ఎవరి మనసూ నొచ్చుకోదు. అంత మెత్తటి మాట. అది విని మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కోచ్ మాత్రం చాలా సంతోషించాడు. చూద్దాం అంటే పరిశీలిద్దాం అనే కదా, శుభ్రమైన తెలుగులో! కుప్పానికి ప్రతి వారం పంపే రిపోర్టులో ఆ గడికి ‘అండర్ రివ్యూ’ అని ఇంగ్లీషు పేరు పెట్టి, అక్క కార్డును కూడా పాల కార్డులతో పాటు ఎక్కించేశాడు. నేను చూశాను. చెబితే తీసేస్తాడని నోరు మూసుకున్నాను.

తర్వాతి వారం ఓట్ల పద్ధతి. ఒక్కొక్కరికి ఐదు చుక్కల స్టిక్కర్లు ఇస్తారు, ఏ కార్డు ముఖ్యమో దాని మీద అంటించాలి. బెంగుళూరు స్టిక్కర్లు కోచ్ మరిచిపోయి వచ్చాడు. బాస్ మా ముగ్గురిలో ఫోన్లు చూసే అమ్మాయిని ఫ్యాన్సీ షాపుకు తరిమాడు, ఆమె బొట్టుబిళ్ళల అట్టలు తెచ్చింది. మేము ముగ్గురం మా బిళ్ళలన్నీ బాత్రూము మీదే అంటించాం. గెలిచింది మగవాళ్ళు రాసిన క్యారమ్ బోర్డు కార్డు.

“ఏమప్పా, ఒక్కటన్నా దీనికి వేయకూడదా?” అని పక్క సీటు అబ్బాయిని అడిగాను.

“వేద్దామనే అనుకుంటిని. బిళ్ళలు అయిపోయినాయి,” అన్నాడు. చొక్కా జేబు మీద ఒక ఎర్ర బిళ్ళ అంటుకుని ఉంది, చూసుకోలేదు. ఆ బిళ్ళతోనే ఇంటికి పోయి, పెళ్ళాంతో మూడు రోజులు మాటల్లేకుండా గడిపాడని తర్వాత తెలిసింది. నాకు కడుపు చల్లబడింది.

బాస్ చేతులు కట్టుకుని, “ఏం చేస్తాం అమ్మా, ప్రజాస్వామ్యం,” అన్నాడు.

“ఓట్లేసే కాడ గూడా ఆడోళ్ళకు వేరే క్యూ ఉంటాది సార్,” అన్నాను. ఆయన నవ్వి, మంచి పాయింటు అన్నాడు. కోచ్ దాన్ని కూడా ఒక కార్డు మీద రాసుకున్నాడు.

ఓట్లు వద్దు, కష్టాన్ని కొలుద్దాం అన్నాడు కోచ్ మరో శుక్రవారం. ఏ పనికి ఎంత శ్రమో అందరూ పేకముక్కలతో ఒకేసారి చూపించాలి. చిన్న పనికి చిన్న ముక్క, పెద్ద పనికి పెద్ద ముక్క. అందరం బల్ల చుట్టూ ముక్కలు పట్టుకుని కూర్చున్న సమయానికి కింద షాపు ఓనరు పైకి వచ్చాడు. ఆయన మా బాస్‌కు మేనమామ, బిల్డింగు కూడా ఆయనదే. గుమ్మంలో నిలబడి, మమ్మల్ని చూసి, గబగబా తలుపు మూసి గడియ పెట్టాడు.

“పట్టపగలే పేకాటంట్రా? ఆడోళ్ళతో గూడానా? పోలీసోళ్ళు వస్తే నా షాపు పేరు గూడా రాస్తారు గదరా!”

ఇది ఆట కాదు, పద్ధతి అని చెప్పేసరికి బాస్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. వచ్చినాయన ఎలాగూ వచ్చాడు కదా అని బాత్రూము సంగతి ఆయననే అడిగాం. “సీటు కావాలంటే ఏ కలరన్నా ఎత్తుకోని పోండి. నా గోడకు మాత్రం బొక్క పెట్టనియ్యను. ముందర డిస్‌ప్లే చెడిపోతాది,” అన్నాడు. దాంతో బాస్ మెల్లగా తన చేతిలోని ముక్క బల్ల మీద పెట్టాడు. రాజు. అంటే అన్నిటికన్నా పెద్ద కష్టం. ఆవు బొమ్మకు ఆయన చూపించింది రెండు.

కష్టం తెలిసింది, ఇక విలువ తేలాలి. విలువ ఎలా తేలుతుంది? కస్టమరు అడిగితే విలువ ఉన్నట్టు, అడగకపోతే లేనట్టు. కుప్పం డెయిరీ ఓనరు మా బాత్రూము అడగలేదు. కాబట్టి విలువ తక్కువ, కష్టం ఎక్కువ. కోచ్ ఒక చతురస్రం గీసి, అలాంటి పనులు ఉండే మూలను చూపించాడు. అందులో మా కార్డు ఒక్కటే ఉంది. పాపం, ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

ఒక సాయంత్రం ఇంటికి పోయే బస్సులో అక్క నా భుజం మీద తల వాల్చింది. ఒళ్ళు కాలిపోతోంది. నడుము పట్టుకుని వంగిపోయి, ఏడుపు ఆపుకుంటోంది. పుంగనూరులో దిగి ఇంటికి కాదు, సరాసరి ఆసుపత్రికే తీసుకుపోయాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ అంది డాక్టరమ్మ. నీళ్ళు తాగక, ఆపుకుని ఆపుకుని వచ్చిందట. నన్ను పక్కకు పిలిచి కేకలేసింది.

“చదువుకున్నోళ్ళే గదా మీరు? ఇంకొకసారి ఇట్లయితే బిడ్డకే కష్టం. నీళ్ళన్నా తాగల్ల, ఉద్యోగమన్నా మానల్ల. ఏదో ఒకటి తేల్చుకోమను.”

వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. భయంతో కొంత, కోపంతో ఎక్కువ. క్యారమ్ బోర్డు అప్పటికే ఆఫీసుకు వచ్చేసింది.

మర్నాడు ఈ సంగతి చెబితే బాస్ నిజంగా బాధపడ్డాడు. ఆపిల్ పండ్లు కొని నా చేతికిచ్చాడు. “ఆరోగ్యం ముఖ్యమమ్మా. రెస్టు తీసుకోమను. కావాల్నంటే మానేయమను, మేమేమీ అనుకోం,” అన్నాడు. ఆ మంచితనానికి నాకు ఒళ్ళు మండింది. తిట్టినవాడినైతే తిరిగి తిట్టొచ్చు, ఆపిల్ పండ్లు ఇచ్చినవాడిని ఏం చేస్తాం? కోచ్ అయితే కొత్త కార్డు రాశాడు. ‘అక్క లేకపోతే పని ఎవరు చేయాలి’. అది ఎవరూ అడగకుండానే ‘తప్పదు’లోకి పోయింది.

అక్క కొన్నాళ్ళకు తేరుకుని, పీలగా అయి తిరిగి వచ్చింది. అదే వారం కుప్పం నుంచి డెయిరీ ఓనరు స్వయంగా పని చూడటానికి వచ్చాడు. పంచె, చేతిలో రెండు సెల్‌ఫోన్లు, గట్టి గొంతు. బాస్ ఆయన్ను నెత్తిన పెట్టుకుని మెట్లెక్కించాడు. కోచ్ తెర మీద రిపోర్టు వేసి ఒక్కొక్కటే చదువుతున్నాడు. మధ్యలో ఆయన చెయ్యెత్తాడు.

“ఉండప్పా, ఉండు. పాల లెక్కల మధ్యలో ఈ బాత్రూము ఏంది? ప్రతి వారం వస్తాండాది. మా డెయిరీలో ఉండాయే. ఇంకొకటి నేను అడగలేదే.”

బాస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోచ్ మాత్రం గర్వంగా, “అది పరిశీలనలో ఉంది సార్. మొదటి నుంచీ టీము పరిశీలిస్తూనే ఉంది,” అన్నాడు.

“బాత్రూమును ఇన్ని దినాలుగా పరిశీలిస్తాండారా? అంత ఏముండాది దాంట్లో?”

అక్క లేచి నిలబడింది.

“అది పాలకు కాదప్పా. మాకు. ఈ ఆఫీసులో ఆడోళ్ళకు లేదు.”

“లేదా? కింద అన్ని పెట్టుకోని ఉండారు గదమ్మా! వచ్చేటప్పుడు ఒకదానికి కాలు తగిలి పడబోతిని.”

“లేదప్పా, మేము సూద్దామని…” అంటూ బాస్ నసిగాడు.

డెయిరీ ఓనరు ఆయన వైపు చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. “సూద్దామా! అట్లయితే రాదులే పో,” అన్నాడు. కోచ్ ఏమీ అర్థం కాక చూస్తుంటే, ఆయన వీపు తట్టి చెప్పాడు. “నీకు తెలీదా సామీ? సూద్దామంటే లేదని అర్థం. మా కాడ పాలోళ్ళు రేటు పెంచమంటే నేను ఏండ్లుగా చెప్తాండే మాట అదే గదా.”

కోచ్ పెన్ను తీసి తన రిపోర్టులో ‘అండర్ రివ్యూ’ అనే మాటను నెమ్మదిగా కొట్టేశాడు. ఆయన ముఖం చూస్తే నాకు మొదటిసారి జాలేసింది. శుభ్రమైన తెలుగు ఎంత ప్రమాదమో ఆయనకు ఆ రోజే తెలిసింది.

డెయిరీ ఓనరు అక్క వైపు తిరిగాడు. “నువ్వే గదమ్మా ఫోన్లో నాతో మాట్లాడి మిషన్లు సరిచేసేది? మా కాడికి వచ్చేయ్. కంప్యూటర్ సూసుకునే మనిషి కావాల. బాత్రూము ఉండాది, నీళ్ళు వస్తాయి, లోపల గొళ్ళెం గూడా ఉండాది.”

ఆయన సగం నవ్వులాటకే అన్నాడు. అక్క నవ్వలేదు.

“వస్తానప్పా,” అంది. భర్త ఉండే ఊరు, ఉద్యోగం పోదు, నీళ్ళు తాగొచ్చు. ఇంకేం ఆలోచించాలి?

బాస్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “మమ్మల్ని ఇట్ల ఇడిసిపెట్టి పోతావా అమ్మా?” అని ఆమె వెళ్ళే రోజు స్వీటు డబ్బా ఇచ్చాడు. ఆమె వెళ్ళాక కార్డు తీసేయబోయాడు, అడిగిన మనిషే లేదు కదా అని. మేము ఇద్దరం ఇంకా ఉన్నాం సార్ అంటే, ఓహో అని మళ్ళీ గుచ్చాడు. నేనూ, ఫోన్లు చూసే అమ్మాయీ మళ్ళీ టీచరమ్మ గుమ్మం ముందు మా వంతు కోసం నిలబడ్డాం.

ఒక నెల గడిచాక కుప్పం నుంచి ఫోనొచ్చింది. డెయిరీ తరపున ఇకపై అన్నీ చూసేది అక్కేనట. అంటే ఇప్పుడు ఆమె మాకు కస్టమరు. మొన్నటి దాకా ఏమ్మా అన్న బాస్ లేచి నిలబడి మరీ ఫోనులో “చెప్పండి మేడమ్” అనడం కళ్ళారా చూశాను. ఆమె ఒక్కటే చెప్పింది. వచ్చే రివ్యూకు తానే మదనపల్లె వస్తుంది, ఆడవాళ్ళకు బాత్రూము ఉంటేనే వస్తుంది, లేదంటే ఆఫీసు మొత్తం కుప్పం రావాలి.

బాస్ ఫోను పెట్టేసి, తన చేత్తోనే కార్డు పీకి ‘తప్పదు’లో పెట్టాడు. ఓట్లు లేవు, పేకముక్కలు లేవు, చతురస్రాలు లేవు. మేనమామ గోడకు ఆ మధ్యాహ్నమే బొక్క పడింది. తెల్లటి సీటు, తెల్లటి టైల్సు, అద్దం, సబ్బు పెట్టుకునే చిన్న గూడు. వారంలో అయిపోయింది. ఆవు బొమ్మ ఇంకా కదల్లేదు.

అక్క నిండు కడుపుతో వచ్చింది. బాస్ బస్టాండుకు పోయి తీసుకొచ్చాడు. ముందు బాత్రూములోకి వెళ్ళి, ముఖం కడుక్కుని, తడి చేతులతో బయటికి వచ్చి నన్ను పక్కకు లాక్కుంది.

“నేనేమో సాయంత్రం పోతాను. మీకు ఉంటాది గదా, అందుకే పట్టుబట్టినా. కడుపు నిండా నీళ్ళు తాగు,” అంది. నేను తల ఊపాను. లోపల కోచ్ మా కార్డును పూర్తయిన పనులకు పెట్టిన ‘అయిపోయింది’ గడిలోకి మార్చి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. లడ్లు పంచారు.

మర్నాడు పొద్దున పోయి చూస్తే తలుపుకు తాళం ఉంది.

బాస్‌ను అడిగాను. ఆయన ఎప్పటిలాగే మెత్తగా, నొప్పించకుండా చెప్పాడు. “అది కస్టమర్లకమ్మా. తెల్లగా, కొత్తగా ఉండాది. దినామూ అందరూ వాడితే ఏమైతాది? మీకు టీచరమ్మ ఇల్లు ఉండనే ఉండాది గదా.”

నోటికొచ్చింది అనబోయాను. ఇంతలో ఉదయం మీటింగుకు అందరినీ పిలిచారు. మా ఎజైల్లో రోజూ పొద్దున అందరూ గుండ్రంగా నిలబడి, కోచ్ చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, అడ్డంకులేమైనా ఉన్నాయా. ఆ రోజు శుక్రవారం, రివ్యూ కోసం ఒకరోజు ముందే వచ్చిన కోచ్ కూడా ఉన్నాడు. నా వంతు వచ్చింది.

“నిన్న ఏం చేశారు?”

“లడ్డు తిన్నాను.”

“ఈరోజు ఏం చేస్తారు?”

“బాత్రూము తాళం పగలగొడతాను.”

కోచ్ అలవాటు కొద్దీ మూడో ప్రశ్న కూడా అడిగేశాడు. “అడ్డంకులేమైనా ఉన్నాయా?”

నేను బాస్ ముఖంలోకి చూశాను. ఆయన గోడ మీది చార్టు చూస్తున్నాడు. మగవాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాను.

“ఏమీ లేవు,” అన్నాను.

అప్పటికే ఫోన్లు చూసే అమ్మాయి కిందికి పోయి షాపులో సుత్తి అడిగి తెచ్చింది. ఎందుకని మేనమామ అడగలేదట. తాళం చిన్నదే, తొందరగానే ఊడిపోయింది. ముందు ఆ అమ్మాయి వెళ్ళింది. ఆమె వచ్చాక నేను వెళ్ళాను.